అమెరికా లారీకి ముక్కెందుకు, యూరప్ లారీకి ఎందుకు లేదు?

మీరు అడిగింది ఇది: అమెరికా లారీలకి ముందుకు పొడుచుకొచ్చిన బానెట్, యూరప్ లారీలకి చదునైన ముఖం ఎందుకుంటాయి, రెండిట్లో ఏది మెరుగైన డిజైన్? దాంతోపాటు మీ తమ్ముడు డ్రైవరుగా బయటి దేశం వెళ్ళాలనుకుంటున్నాడు, అతనికి ఈ తేడా వల్ల ఏం మారుతుందని కూడా అడిగారు. నేను డ్రైవర్ని కాదు, రిపేరు చేసేవాణ్ణి. మొదట రోటర్‌డామ్ దగ్గర ఒక వర్క్‌షాపులో డాఫ్, స్కానియా, వోల్వో బళ్ళమీద పనిచేశాను. ఇప్పుడు డాలస్ వైపు ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ షెడ్డులో ఫ్రైట్‌లైనర్లు, కెన్‌వర్త్‌లు చూస్తున్నాను. కాబట్టి ఇంజను వైపు నుంచే చెప్తాను.

ముందు సూటి జవాబు: టేపు ఎక్కడ పెట్టి పొడవు కొలుస్తారన్నదే అసలు తేడా. యూరప్‌లో ముందు బంపరు నుంచి ట్రైలర్ చివరి దాకా మొత్తం బండిని కొలుస్తారు. అమెరికాలో జాతీయ రహదారుల మీద కొలిచేది ట్రైలర్‌ని మాత్రమే, లాగే బండి ఎంత పొడుగున్నా చట్టానికి పట్టదు. మిగతా కారణాలు ఉన్నాయి, చెప్తాను. కానీ ముక్కు విషయంలో మాత్రం అవన్నీ దీని తర్వాతే.

యూరోపియన్ యూనియన్‌లో 96/53 అనే ఆదేశం ఉంది, 1996 నాటిది. దాని ప్రకారం ట్రాక్టరు, అంటే ముందు లాగే బండి, ట్రైలర్ కలిపి 16.5 మీటర్లు మించకూడదు. ట్రైలర్‌ని ట్రాక్టరుకి తగిలించే కింగ్‌పిన్ నుంచి ట్రైలర్ వెనక అంచు దాకా 12 మీటర్ల వరకు పోనిస్తారు. ఇక కింగ్‌పిన్‌కి ముందు మిగిలేది 4.5 మీటర్లు. ఇంజను, క్యాబిన్, డ్రైవరు పడక అన్నీ అందులోనే ఇమడాలి. సరుకు పెట్టే పొడవు ఒక్క అంగుళం కూడా వదులుకోడానికి ఏ ఓనరూ ఒప్పుకోడు, కిరాయి దానిమీదే కదా వచ్చేది. అందుకని ఇంజను కిందికి, డ్రైవరు దాని పైకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు అమెరికా బండి తీసుకోండి. మా షెడ్డుకి వచ్చే ఫ్రైట్‌లైనర్ కాస్కేడియాల్లో పెద్ద స్లీపర్ (డ్రైవరు పడుకునే గది) ఉన్నవాటికి బంపరు నుంచి క్యాబిన్ వెనక గోడ దాకానే దాదాపు 5 మీటర్లు ఉంటుంది. అంటే యూరప్ వాళ్ళు కింగ్‌పిన్ ముందు ఇచ్చే మొత్తం జాగా దాని క్యాబిన్‌కే చాలదు. వెనక 53 అడుగుల ట్రైలర్ తగిలిస్తే మొత్తం బండి 22 మీటర్ల అటూ ఇటూ తేలుతుంది. జర్మనీలో అది మామూలు పర్మిట్ మీద రోడ్డెక్కలేదు.

చాలామంది "అమెరికా వాళ్ళకి పెద్ద బళ్ళంటే మోజు, అందుకే" అంటారు. మోజు ఉంది, కాదనను. కానీ ఒకప్పుడు అమెరికా హైవేల నిండా చదును ముఖం బళ్ళే తిరిగాయి. 1960లు, 70ల్లో కెన్‌వర్త్ కే100, పీటర్‌బిల్ట్ 352, వైట్ ఫ్రైట్‌లైనర్ అన్నీ క్యాబిన్ కింద ఇంజను ఉన్నవే. అప్పట్లో చాలా రాష్ట్రాలు 55 అడుగులు, 60 అడుగులు అంటూ మొత్తం బండి పొడవుకే పరిమితి పెట్టేవి. ఇప్పుడు యూరప్‌లో ఉన్న లెక్కే అప్పుడు అక్కడా ఉండేదన్నమాట. 1982లో సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ అసిస్టెన్స్ చట్టం వచ్చి, జాతీయ రహదారుల మీద మొత్తం పొడవుకి రాష్ట్రాలు పరిమితి పెట్టకూడదంది. కనీసం 48 అడుగుల ట్రైలర్‌ని అనుమతించి తీరాలంది. అంతే, పదిహేను ఇరవై ఏళ్ళలో చదును ముఖం బళ్ళు అక్కడ కనుమరుగైపోయాయి. ఫ్రైట్‌లైనర్ కంపెనీ 1998లో ఆర్గసీ అని మంచి బండే తెచ్చింది, కానీ అమెరికాలో కొనేవాళ్ళు లేక 2006లో అక్కడ అమ్మకం ఆపేసింది. యూరప్‌లో దీనికి తిరగేసిన కథ స్కానియాది. టీ సిరీస్ అని ముక్కున్న బండి చాలాకాలం అమ్మి, కొనేవాళ్ళు తగ్గిపోయాక 2005లో మానేసింది.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఆస్ట్రేలియా చూడండి. అక్కడ రెండు రకాలూ పక్కపక్కనే తిరుగుతాయి, అదీ ఒకే కెన్‌వర్త్ పేరుతో, మెల్‌బోర్న్ దగ్గర బేస్‌వాటర్‌లో తయారై. రెండు ట్రైలర్ల బీ-డబుల్‌కి 26 మీటర్ల పరిమితి ఉంది కాబట్టి దానికి చదును ముఖం ఉన్న కే220 లాంటివి ఎక్కువగా కొంటారు. లోపలి ఎడారి ప్రాంతంలో మూడేసి ట్రైలర్ల రోడ్ ట్రైన్లకి పొడవు గొడవ అంతగా లేదు, పైగా దారికి పశువులు, కంగారూలు అడ్డొస్తాయి. అక్కడ ముక్కున్న బండి, దాని ముందు ఇనప గార్డు. ఒకే దేశం, ఒకే కంపెనీ. మారింది రోడ్డు, దాని రూలు.

సరే, పొడవుకి అడ్డులేదు కాబట్టి ముక్కు పెట్టుకోవచ్చు. కానీ పెట్టుకుని తీరాలని ఎందుకనుకున్నారు? అక్కడే మీ తమ్ముడికి పనికొచ్చే సంగతులు ఉన్నాయి.

మొదటిది, కూర్చునే చోటు. చదును ముఖం బండిలో డ్రైవరు సరిగ్గా ముందు చక్రాల మీద కూర్చుంటాడు. గుంతలో చక్రం పడితే దెబ్బ నేరుగా నడుముకి రావాలి. ఆ దెబ్బ తగ్గించడానికి యూరప్ వాళ్ళు క్యాబిన్‌ని నాలుగు మూలలా గాలి బెలూన్ల మీద నిలబెట్టారు, సీటు కింద ఇంకో బెలూన్. కాబట్టి ఇప్పటి స్కానియా ఎక్కినవాళ్ళెవరూ కుదుపు గురించి ఫిర్యాదు చెయ్యరు. ముక్కున్న బండిలో డ్రైవరు ముందు యాక్సిల్‌కి (చక్రాల ఇరుసుకి) వెనక కూర్చుంటాడు, వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, కూడా పొడుగు, అందుకని అంత హంగామా లేకుండానే నిదానంగా ఊగుతుంది. ఇంజను కాళ్ళ కింద లేదు కాబట్టి నేల చదునుగా ఉంటుంది, వేడీ తక్కువ.

రెండోది, బతికే చోటు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, డ్రైవర్లతో మాట్లాడితే మొదట చెప్పేది దీని గురించే. అమెరికాలో దూరాలు ఎక్కువ, ఇంటికి రాకుండా వారాలకి వారాలు బండిలోనే గడిపేవాళ్ళు చాలామంది. స్లీపర్లో రెండు పడకలు, ఫ్రిజ్, మైక్రోవేవ్, బట్టల అలమర ఉంటాయి. రూలు ప్రకారం 14 గంటల లోపు 11 గంటలు నడపొచ్చు, తర్వాత 10 గంటలు విశ్రాంతి. ఆ పది గంటలూ ఆ గదిలోనే. యూరప్‌లో రోజుకి 9 గంటలు, వారంలో రెండుసార్లు 10 గంటలు, నాలుగున్నర గంటలకొకసారి 45 నిమిషాల ఆపు. వారాంతపు పూర్తి విశ్రాంతి 45 గంటలు, దాన్ని క్యాబిన్లో తీసుకోవడానికి వీల్లేదు, హోటలో ఇల్లో చూపించాలి. అక్కడి చట్టం క్యాబిన్‌ని రాత్రికి తలదాచుకునే చోటుగా చూస్తుంది, కాపురానికి ఒప్పుకోదు.

మూడోది మా బాధ, అంటే రిపేరు. అమెరికా బండి బానెట్ చేత్తో లాగితే ముందుకి వాలిపోతుంది. ఇంజనుకి రెండు పక్కలా నిలబడి పనిచేసుకోవచ్చు. హైవే పక్కన ఆగిపోయినా డ్రైవరే బెల్టూ, గొట్టాలూ చూసుకోగలడు. యూరప్ బండిలో మామూలుగా చూసే ఆయిలు, కూలెంట్, అద్దం తుడిచే నీళ్ళు ముందు గ్రిల్లు తెరిస్తే అందుతాయి. లోపలి పని ఏదైనా సరే క్యాబిన్ మొత్తాన్ని హైడ్రాలిక్ జాక్‌తో ముందుకి వంచాలి. వంచే ముందు లోపల ఉన్న ప్రతి వస్తువూ తియ్యాలి లేదా కట్టెయ్యాలి. రోటర్‌డామ్‌లో ఒక పోలిష్ డ్రైవరు "ఏమీ లేదు, వంచు" అన్నాడు. పై అరలో మర్చిపోయిన స్టవ్వు, గిన్నె వచ్చి ముందు అద్దానికి తగిలాయి. అద్దం ఖర్చు అతని ఓనరే పెట్టుకోవాల్సి వచ్చింది. మా షాపులో ఆ తర్వాత డ్రైవరు చేత సంతకం పెట్టించుకున్నాకే జాక్ మీద చెయ్యి వేసేవాళ్ళం.

అయితే యూరప్‌లో ఇంత ఇబ్బందీ చెల్లిపోవడానికి కారణం, అక్కడ రోడ్డు పక్కన ఎవరూ ఇంజను విప్పరు. కంపెనీతోనే సర్వీస్ కాంట్రాక్టు ఉంటుంది, ఆగిపోతే వాళ్ళ వ్యానే వస్తుంది. అమెరికాలో సొంతబండి డ్రైవర్లు ఎక్కువ, ఎవరి రిపేరు వాళ్ళు చేయించుకోవాలి. అందుకే అక్కడ బండి కొనడం కూడా వేరుగా ఉంటుంది. కిరాణా కొట్లో చీటీ రాసిచ్చినట్టు, ఇంజను కమ్మిన్స్‌ది, గేరుబాక్సు ఈటన్‌ది, వెనక హౌసింగ్ (చక్రాలు తిప్పే యాక్సిల్ భాగం) ఇంకొకళ్ళది అని రాసిచ్చేవాళ్ళు. అందులో ఏది పోయినా ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. స్కానియా కొంటే ఇంజనూ, గేరుబాక్సూ, హౌసింగూ అన్నీ స్కానియావే. ఇప్పుడు అమెరికాలో కూడా అలా విడివిడిగా ఎంచుకునే పద్ధతి తగ్గుతోంది, కంపెనీలు తమ సొంత ఇంజనే అంటగడుతున్నాయి. నాకైతే పాత పద్ధతే ఇష్టం. పార్టు కోసం రోజులు ఎదురుచూసే బాధ మెకానిక్‌కి తెలుసు.

ఇంకో విషయం, ఇరువైపులా తయారుచేసేవాళ్ళు చాలావరకు ఒకళ్ళే. ఫ్రైట్‌లైనర్ 1981 నుంచి డైమ్లర్‌ది. మాక్ 2001 నుంచి వోల్వో గ్రూపుది. కెన్‌వర్త్, పీటర్‌బిల్ట్ తయారుచేసే పక్కార్ కంపెనీయే 1996లో డచ్ వాళ్ళ డాఫ్‌ని కొంది. ఇంటర్నేషనల్ లారీల నావిస్టార్‌ని ఫోక్స్‌వాగన్ గ్రూపు ట్రాటన్ 2021లో తీసుకుంది. డెట్రాయిట్ డీడీ13 ఇంజనూ, మెర్సిడెస్ ఓఎమ్471 ఇంజనూ ఒకే కుటుంబం. డాఫ్‌లో నేను విప్పిన ఎమ్ఎక్స్-13 ఇంజనే ఇక్కడ కెన్‌వర్త్ బానెట్ కింద మళ్ళీ కనిపించింది, విప్పే జాగా మాత్రం హాయిగా ఉంది. కాబట్టి ఒకళ్ళకి తెలివి ఎక్కువ, ఇంకొకళ్ళకి తక్కువ అనే వాదన నిలబడదు. ఇంజనీర్లు అటూ ఇటూ ఒకళ్ళే. వాళ్ళకిచ్చే కొలతలే వేరు.

ఇక బరువు. బండీ సరుకూ కలిపి యూరప్‌లో మామూలుగా 40 టన్నులు, అమెరికాలో 80,000 పౌండ్లు, అంటే 36.3 టన్నులు. పెద్దగా కనిపించే బండి మోసేది తక్కువన్నమాట. ఆశ్చర్యంగా ఉంటుంది గానీ కారణం ఉంది. అమెరికాలో వంతెనల కోసం బ్రిడ్జ్ ఫార్ములా అని ఒక లెక్క పెట్టారు. యాక్సిళ్ళు ఎంత దూరంగా ఉంటే అంత బరువు వెయ్యనిస్తారు. 5 యాక్సిళ్ళ బండి పూర్తి 80,000 పౌండ్లు మోయాలంటే ఫార్ములా ప్రకారం మొదటి, చివరి యాక్సిళ్ళ మధ్య 51 అడుగులు ఉండాలి. అంటే చట్టమే పొడుగు బండికి బహుమతి ఇస్తోంది. యూరప్‌లో ట్రాక్టరుకి రెండే యాక్సిళ్ళు, వెనకదాని మీద 11.5 టన్నుల దాకా వేస్తారు. మిగతాది ట్రైలర్ కింద దగ్గరదగ్గరగా ఉన్న మూడు యాక్సిళ్ళు మోస్తాయి. అమెరికాలో ఒంటరి యాక్సిల్‌కి 20,000 పౌండ్లే, 9 టన్నుల పైచిలుకు. అందుకే అక్కడ ట్రాక్టరు వెనక రెండు యాక్సిళ్ళు, ట్రైలర్ కింద రెండు.

ఆ ట్రైలర్ రెండు యాక్సిళ్ళనీ డ్రైవరు ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. తూకం వేసినప్పుడు ఒక చోట బరువు ఎక్కువైతే పిన్నులు లాగి, బ్రేకు వేసి, బండి కదిపి సర్దుకుంటాడు. మళ్ళీ కాలిఫోర్నియాలోకి వెళ్తే కింగ్‌పిన్ నుంచి చివరి యాక్సిల్‌కి 40 అడుగులు మించకూడదు, అక్కడ మళ్ళీ జరపాలి. యూరప్ నుంచి వచ్చిన డ్రైవరుకి ఇది కొత్త విద్య. అక్కడినుంచి వచ్చినవాళ్ళకి ఇంకోటి కూడా చెప్తుంటాను: అమెరికా లారీలు 12 వోల్టులు, యూరప్‌వీ మనవీ 24. ఒకాయన చౌకగా దొరికిందని యూరప్ రకం క్యాబిన్ హీటరు ఆన్‌లైన్లో తెప్పించి మా దగ్గరికి తెచ్చాడు. పెట్టెమీద 24 అని పెద్ద అక్షరాలతో ఉంది. తిప్పి పంపించాం.

వేగం, గాలి. యూరప్‌లో పెద్ద లారీకి 90 కిలోమీటర్ల దగ్గర లిమిటర్ బిగించి ఉంటుంది, జర్మనీ లాంటిచోట్ల చట్టప్రకారం 80. అమెరికాలో దేశమంతటికీ లిమిటర్ రూలు లేదు. చాలా రాష్ట్రాల్లో గంటకి 70 మైళ్ళు, ఆపైన కూడా పోతారు. కాలిఫోర్నియాలో లారీకి 55 మాత్రమే. 85 కిలోమీటర్ల నుంచి 105కి పెంచితే గాలి అడ్డు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఆ వేగంలో కోసుగా ఉన్న ముక్కు వల్ల డీజిలు బాగా కలిసొస్తుంది. వేగం తక్కువున్న యూరప్‌లో చదును ముఖానికి అంచులు గుండ్రంగా తిప్పి, ట్రైలర్‌ని క్యాబిన్‌కి దగ్గరగా ఉంచి లాక్కొచ్చేస్తారు. ముక్కున్నవన్నీ గాలిని కోస్తాయని మాత్రం అనుకోకండి. క్రోమ్ పొగ గొట్టాలు, చదరపు బానెట్ ఉన్న పాత పీటర్‌బిల్ట్ 379 ఉంది చూశారూ, ఫొటోల్లో అందరూ పెట్టుకునేది, గాలి విషయంలో అది ఏ యూరప్ బండి ముందూ నిలవదు. ఇష్టపడి కొనేవాళ్ళు మైలేజీ చూసి కొనరు.

హార్స్‌పవర్ గురించి కూడా ఒక అపోహ. పెద్ద ముక్కులో పెద్ద ఇంజను ఉంటుందనుకుంటారు. కమ్మిన్స్ ఎక్స్15 హైవే బళ్ళకి వచ్చేది 605 హెచ్‌పీ దాకా. స్కానియా వీ8 2020లోనే 770కి వెళ్ళింది, వోల్వో ఎఫ్‌హెచ్16 ఇప్పుడు 780. ఫిన్లాండులో 76 టన్నులు లాగాలి మరి.

బ్రేకుల్లో యూరప్‌దే పైచేయి, ఇందులో నాకు అనుమానం లేదు. అక్కడ డిస్క్ బ్రేకులు 1990ల నుంచే మామూలయ్యాయి. ఆటోమేటిక్‌గా బ్రేకు వేసే పద్ధతి 2015 నుంచి కొత్త పెద్ద లారీలన్నిటికీ తప్పనిసరి. అమెరికాలో డ్రమ్ములు చాలాకాలం నడిచాయి, ఇంకా చాలా వస్తున్నాయి. లోడుతో 60 మైళ్ళ వేగం నుంచి ఆగే దూరం 355 అడుగులు ఉన్నదాన్ని 250కి తగ్గించే రూలు 2009లో తెచ్చి, 2011 నుంచి దశలవారీగా అమలుచేశారు.

భద్రత సంగతి రెండు రకాలుగా చూడాలి. ముందు నుంచి గుద్దుకుంటే డ్రైవరుకి ఎదురుగా కొంత ఇనుము ఉండటం ముక్కున్న బండికి లాభమే. రోడ్డు మీద నడిచేవాళ్ళకి అది నష్టం. ఎత్తు బానెట్ ముందు పిల్లవాడు నిలబడితే డ్రైవరుకి కనపడడు. యూరప్‌లో ముందు భాగం, పక్కలు కూడా కారు, సైకిలు కిందికి దూరిపోకుండా గార్డులు ఉండాలని రూలుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వ రూలు అడిగేది వెనక గార్డు ఒక్కటే. లండన్ అయితే డ్రైవరు కిటికీలోంచి నేరుగా ఎంత కనపడుతుందో స్టార్లు వేసి, చాలకపోతే అదనపు భద్రతా పరికరాలు పెట్టుకోని పెద్ద లారీల్ని రానివ్వదు. ఇరుకు వీధుల ఊళ్ళకి ఏది పనికొస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన దగ్గర సంగతి చెప్పాలంటే, 1954లో వచ్చిన టాటా మెర్సిడెస్‌కి ముక్కుండేది.  ఇప్పుడు భారత్‌బెంజ్ అయినా టాటా అయినా అన్నీ యూరప్ దారే. కాబట్టి ఇక్కడ నడిపిన అలవాటుతో యూరప్ బండి ఎక్కితే కూర్చునే ఎత్తు, మలుపు తిప్పే తీరు కొత్తగా అనిపించవు, ఎడమ స్టీరింగ్ తప్ప. అమెరికా బండిలో మలుపు దగ్గర ట్రైలర్ చాలా లోపలికి కోస్తుంది, ముందు చక్రాలు బాగా దాటించాక తిప్పాలి.

యూరప్ వాళ్ళు కూడా టేపు కొంచెం సడలించారు. గాలి అడ్డు తగ్గడానికీ, భద్రతకీ అయితే క్యాబిన్ పొడవు కాస్త పెంచుకోవచ్చని 2020 సెప్టెంబరు నుంచి అనుమతించారు. మరుసటి ఏడాదే డాఫ్ ఎక్స్‌జీ ముఖాన్ని 16 సెంటీమీటర్లు ముందుకి జరిపింది. 2024లో వోల్వో ఎఫ్‌హెచ్ ఏరో 24 సెంటీమీటర్లు. రూలు మారగానే ముక్కు మొలవడం మొదలైంది చూడండి.

ఇక మీ తమ్ముడికి. గేర్ల గురించి భయం అక్కర్లేదు. సింక్రో (గేర్ల వేగాన్ని దానంతటదే కలిపే భాగం) లేని ఈటన్ గేరుబాక్సు, రెండుసార్లు క్లచ్ తొక్కడం అమెరికాలో కూడా తగ్గిపోయి, కొత్త బళ్ళలో ఎక్కువ ఆటోమేటెడ్‌వే. కానీ పరీక్ష ఆటోమేటిక్ బండి మీద ఇస్తే అమెరికా లైసెన్సు మీద ఆ పరిమితి రాసేస్తారు, పాత మాన్యువల్ బళ్ళున్న కంపెనీల్లో అది అడ్డొస్తుంది. వీలైతే మాన్యువల్ మీదే ఇమ్మనండి. యూరప్ వెళ్తే లైసెన్సు ఒక్కటే చాలదు, కోడ్ 95 అనే డ్రైవరు అర్హత కూడా కావాలి. దానికి మొదట శిక్షణ, ఆ తర్వాత ప్రతి అయిదేళ్ళకీ 35 గంటల క్లాసులు. ఏజెంటు డబ్బు అడిగే ముందే, ఆ శిక్షణ ఖర్చు కంపెనీ పెట్టుకుంటుందా, జీతంలో కోస్తుందా అన్నది కాగితం మీద రాయించుకోమని చెప్పండి.